ఆశ్రయమునందే అపాయము

1940 సెప్టెంబరులో జర్మను విమానములు లండనుపై బాంబులు కురిపింపసాగినవి. జనులు రాత్రులెల్ల ఆశ్రయశాలలలో మడతకుర్చీలయందు కూర్చుండియే గడపిరి. బాంబులను తప్పించుకొన్న వారిలో కొందరు హఠాత్తుగా మరణించిరి. కారణమేమి?

శవపరీక్షలు జరిపిన వైద్యుడు కీత్ సింప్సన్ ఆ యేడే 'లాన్సెట్' పత్రికలో దానిని వెల్లడించెను. కుర్చీ ముందరి కొయ్యబద్ద తొడల క్రింద నొక్కుటచే కాళ్ల లోతుసిరలలో నెత్తురు నిలిచి గడ్డకట్టినదనియు, ఆ గడ్డ ఊడిపోయి ఊపిరితిత్తుల రక్తనాళమును మూసినదనియు ఆయన నిర్ణయించెను. ఇట్టి మరణములు 1939 కంటె ఆరు రెట్లని ఆయన లెక్క. పిదప ఆశ్రయశాలలలో పడకబల్లలు అమర్చిరి.

పిక్కలు కదలినపుడే సిరలలోని నెత్తురు గుండెవైపు చక్కగా సాగును. కావున దూరప్రయాణములందు మనము నడుమ నడుమ లేచి నాలుగడుగులు వేయుదము. ఒక కాలు వాచి నొప్పి కలిగినచో వైద్యుని చూచుటకు జాగుచేయరాదు.