అంగీలు, మెట్లు, జోళ్లు: మన బడిలో కలిసిన మాటలు

శ్రీశైలం ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. ఆ పని కోసం కోస్తా నుంచి, సీమ నుంచి, కృష్ణకు అవతల ఉన్న పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలమే ప్రాజెక్టు కాలనీ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆనకట్ట లెక్కలు కాగితాల్లో భద్రంగానే ఉన్నాయి. మన ఇళ్లలో వినబడిన మాటలకే లెక్క లేదు. అందుకని ఒంటి బట్టల పేర్లు, కాలి చెప్పుల పేర్లు కొన్ని ఈ సంచిక కోసం రాస్తున్నాను.

అందరిదీ ఒకే యూనిఫారం: తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు. పేర్లు మాత్రం ఇంటికొకటి. గుంటూరు వాళ్లది చొక్కా. పాలమూరు వాళ్లకు, సీమలో చాలామందికి అంగీ. పక్కనున్న కన్నడంలోనూ అది అంగియే. నిక్కరును కొందరు లాగు అనేవారు, కొందరు చెడ్డీ అనేవారు. జేబులో పెట్టుకునే చేతిరుమాలు తెలంగాణ వాళ్లకు దస్తీ. పారశీకంలో 'దస్త్' అంటే చెయ్యి. వాళ్ల తాతలకు రుమాలంటే తలకు చుట్టుకునేది. ఖాకీ కూడా పారశీకమే; 'ఖాక్' అంటే దుమ్ము. సాయంత్రం ఆట ముగిసేసరికి మన నిక్కర్లు ఆ పేరును సార్థకం చేసేవి.

నిక్కరు కథ ఇంకా తమాషా. 1809లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్కు చరిత్ర ఒకటి రాసి, నికర్‌బాకర్ అనే కల్పిత వ్యక్తి పేరుతో అచ్చువేశాడు. తర్వాతి ముద్రణలోని బొమ్మల్లో మోకాళ్ల దాకా లాగులు తొడుక్కున్న మనుషులు ఉన్నారు. ఆ లాగులకు ఆ పేరే స్థిరపడింది. పంట్లాం మూలం ఇటలీ హాస్యనాటకాల్లోని పాంటలోనే అనే వెనిస్ ముసలి వర్తకుడు. అంటే ఆరో తరగతిలో ఒక కల్పిత పాత్రను, కాలేజీకి వెళ్లాక మరో పాత్రను తొడుక్కున్నామన్నమాట!

ఇక కాళ్లకు వద్దాం. చెప్పు మన పాత మాట, తమిళ చెరుప్పుకు చుట్టం. సీమ పిల్లలు వాటినే మెట్లు అనేవారు. మెట్టడమంటే తొక్కడం, అడుగుపెట్టడం. "మెట్లు యాడ పెట్టినావ్‌రా?" అంటే కొత్తగా చేరిన కోస్తా పిల్లవాడు వరండా మెట్ల వైపు చూసేవాడు. ఉత్తరాంధ్ర వాళ్లకు అవి జోళ్లు, ఎప్పుడూ జోడుగా ఉండేవి కనుక. రబ్బరు చెప్పులకేమో పసిఫిక్ దీవుల పేరు, హవాయి.

పుస్తకాల్లో ఉండేవి చొక్కా, చెప్పులే. పరీక్షలో రాసేదీ అవే. క్రమంగా అంగీలు, మెట్లు ఇంటి గడప దగ్గరే ఆగిపోయాయి. నా పక్క బెంచీ మిత్రుడు ఈనాటికీ వాళ్లమ్మతో ఫోన్లో తప్ప అంగీ అనడు. సముద్రాలు దాటి వచ్చిన నిక్కరు మర్యాదైన మాట, మన సొంత ధాతువులోంచి పుట్టిన మెట్టు మోటు మాట ఎలా అయింది? తేడా మాటలో లేదు, అది ఎవరి నోట వచ్చిందన్న దాంట్లో ఉంది. మన పిల్లలకైతే ఇప్పుడు షర్టు, షార్ట్స్, స్లిప్పర్స్ తప్ప మరో పేరు తెలియదు.

నేను సివిల్ ఇంజనీరును, భాషా పండితుణ్ణి కాను. కానీ పునాదికి ముందు రాతి నమూనా తీస్తే, అది ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో దాని మీదే రాస్తాం. అది రాయకపోతే ఆ రాయి ఎందుకూ పనికిరాదు. మాటలకూ అంతే. మిత్రులారా, ఇంట్లో పెద్దలున్నవారు వారినడిగి ఇలాంటి పది మాటలు, ఏ ఊరివో, ఎవరు వాడేవారో రాసి సంఘానికి పంపండి. మన తెలుగు మాస్టార్లు ఒకసారి సరిచూస్తే చాలు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉండగానే ఈ పని జరగాలి.