ఇంజిన్ లైట్ వెలిగిందా..? కేటలిటిక్ కన్వర్టర్, డీపీఎఫ్ కొనే ముందు ఇవి చూసుకోండి

డ్యాష్‌బోర్డ్‌పై పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలుగుతుంది. మెకానిక్ స్కానర్ పెట్టి చూసి 'కన్వర్టర్ పోయింది' అంటాడు. షోరూమ్‌లో ధర అడిగితే గుండె గుభేల్‌మంటుంది. బయట మార్కెట్‌లో అదే పార్ట్ సగం కంటే తక్కువకే వస్తుందని ఎవరో చెబుతారు. ఇక్కడే చాలామంది తొందరపడి నష్టపోతున్నారు.

దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ తొలి ఏడాదుల్లో కొన్న కార్లలో చాలావాటికి ఇప్పటికే కంపెనీ వారంటీ ముగిసింది. అంటే పొగను శుభ్రం చేసే పార్టులు పాడైతే ఖర్చు ఓనర్‌దే. అందుకే ఏం కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఏ పార్ట్ ఏం చేస్తుంది?

పెట్రోల్ కార్లలో ప్రధానమైనది కేటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు.. ఈ మూడింటినీ ఇది తక్కువ హానికరమైన వాయువులుగా మారుస్తుంది. దానికి ముందు ఒకటి, వెనక ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి.

డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచేది డీపీఎఫ్, అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేది ఈజీఆర్ వాల్వ్. లారీలు, బస్సులు, కొన్ని ఎస్‌యూవీల్లో వీటికి తోడు ఎస్‌సీఆర్ సిస్టమ్ ఉంటుంది. అందులో పోసే డీఈఎఫ్ ద్రవంలో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. డీఈఎఫ్ క్యాన్‌పై ఐఎస్ఓ 22241 అని ఉందో లేదో చూసుకోవాలి. నాసిరకం ద్రవం పోస్తే దాన్ని స్ప్రే చేసే నాజిల్, లోపలి క్యాటలిస్ట్ రెండూ దెబ్బతింటాయి.

డబ్బా ఒకటే.. తేడా అంతా లోపలే

కన్వర్టర్ పైకి ఒక స్టీలు డబ్బా. లోపల తేనెపట్టులాంటి సిరామిక్ గడి ఉంటుంది. ఆ గడుల గోడలపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలను పల్చటి పూతగా వేస్తారు. అసలు పని చేసేది ఆ పూతే. ఇవి చాలా ఖరీదైన లోహాలు కాబట్టే ఆ పార్ట్‌కు అంత ధర.

నాసిరకం కన్వర్టర్‌లో కోత పెట్టేది కూడా ఇక్కడే. పూత తగ్గించినా బయటి నుంచి కంటికి కనిపించదు. బిగించగానే లైట్ ఆరిపోతుంది, కొన్నాళ్లకే మళ్లీ వెలుగుతుంది. ధర నమ్మలేనంత తక్కువగా ఉందంటే, లోపల లోహం కూడా అంతే తక్కువ ఉందని అనుమానించాలి.

ముందు జబ్బు తేల్చాలి.. తర్వాతే మందు

స్కానర్‌లో పీ0420 కోడ్ వస్తే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని అర్థం. అయితే కోడ్ వచ్చినంత మాత్రాన కన్వర్టరే పోయిందని కాదు. సైలెన్సర్ పైపులో లీకేజీ ఉన్నా, వెనక సెన్సర్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు.

దీన్ని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో రెండు సెన్సర్ల లైవ్ రీడింగ్ చూడాలి. ముందున్న సెన్సర్ రీడింగ్ గబగబా మారుతూ, వెనకది దాదాపు నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టే. వెనకది కూడా ముందుదానిలాగే పైకీ కిందికీ ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయినట్టు. ఈ రీడింగ్ చూపించమని మెకానిక్‌ను అడిగే హక్కు కస్టమర్‌కు ఉంది.

అసలు కన్వర్టర్ ఎందుకు పోయిందో కూడా కనుక్కోవాలి. స్పార్క్ ప్లగ్ లేదా ఇగ్నిషన్ కాయిల్ పాడై మిస్‌ఫైర్ అవుతుంటే, కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి లోపలి గడి కరిగిపోతుంది. మిస్‌ఫైర్‌ను సరిచేయకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి.

డీపీఎఫ్ విషయం మరో రకం. అందులో చేరిన మసిని బండి తనంతట తానే దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చేసుకుంటుంది. రోజూ సిటీలో నాలుగైదు కిలోమీటర్లే తిరిగే డీజిల్ కారుకు ఆ అవకాశం దొరకదు. అందుకే ఫిల్టర్ మూసుకుపోతుంది. మసి మాత్రమే నిండితే వర్క్‌షాపులో స్కానర్‌తో కాల్పించవచ్చు. ఇంజిన్ ఆయిల్ వల్ల చేరే బూడిద మాత్రం కాలదు. దానికి ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి, కుదరకపోతే మార్చాలి.

నమ్మకమైన తయారీదారు ఎవరు?

హైదరాబాద్‌లో రాణిగంజ్, పుత్లిబౌలి అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, ఆన్‌లైన్ అయినా.. డబ్బు కట్టే ముందు ఈ ఐదు విషయాలు అడగాలి.

1. పార్ట్ నంబర్: ఒకే మోడల్‌లోనూ ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి కన్వర్టర్ మారుతుంది. బీఎస్4 పార్ట్ బీఎస్6 బండికి కొలతల్లో సరిపోయినా పనిలో సరిపోదు. చాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ రాయించుకోవాలి. 'అన్ని కార్లకూ పట్టేస్తుంది' అంటే అక్కడే ఆగాలి.

2. కార్ల కంపెనీలకు సప్లై చేసేవారేనా: కార్ల కంపెనీలు ఈ పార్టులు చాలావరకు బయట తయారు చేయిస్తాయి. వాటికి సప్లై చేసే సంస్థలే సొంత బ్రాండ్ పెట్టెలోనూ అమ్ముతుంటాయి. ఆక్సిజన్ సెన్సర్లలో బాష్, డెన్సో, ఎన్‌టీకే అలాంటివే. షోరూమ్ ధర వద్దనుకునేవారికి ఇదే సురక్షితమైన దారి.

3. అనుమతి ముద్ర: మన దేశంలో కొత్త మోడల్‌కు పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షలు చేస్తాయి. అప్పుడు కారులో ఉన్న కన్వర్టర్‌తో కలిపే ఉద్గారాలను కొలుస్తాయి. విడిగా అమ్మే పార్ట్‌ను మీ మోడల్‌పై ఎక్కడ పరీక్షించారో రిపోర్ట్ అడగాలి. యూరప్ నుంచి వచ్చిన పార్ట్ అయితే వృత్తంలో 'ఇ' అక్షరం, పక్కన దేశం నంబర్ ఉంటాయి. బయట అమ్మే కన్వర్టర్లకు అక్కడ వర్తించే నిబంధన ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 103.

4. సీరియల్ నంబర్: పేరున్న తయారీదారు డబ్బాపై సీరియల్ నంబర్‌ను చెక్కుతారు, ఉత్త స్టిక్కర్‌తో సరిపెట్టరు. అట్టపెట్టె మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కంపెనీ సొంత సైట్ తెరుచుకోవాలి, అక్కడి నంబర్ డబ్బాపై ఉన్నదానితో కలవాలి.

5. బిల్లు, వారంటీ: జీఎస్టీ బిల్లుపై పార్ట్ నంబర్ ఉండాలి. వారంటీ ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు అన్నది కాగితంపైనే ఉండాలి. షాపు జీఎస్టీ నంబర్ అసలుదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా..?

లోపలి లోహాల కోసం కన్వర్టర్లను కోసి ఎత్తుకుపోయే ముఠాలు దేశంలోని పలు నగరాల్లో పోలీసులకు చిక్కాయి. బిల్లు లేని పాత కన్వర్టర్ కొంటే అది దొంగసొత్తు కావచ్చు. పైగా అందులో ఎంత పూత మిగిలిందో చెప్పగలిగేవారు ఉండరు.

పూర్తిగా తీసేయిస్తే..?

'డీపీఎఫ్ డిలీట్', 'ఈజీఆర్ బ్లాక్' చేస్తామని కొందరు ఆఫర్లు ఇస్తుంటారు. ఇంకొందరు వెనక సెన్సర్ కింద స్పేసర్ బిగించి లైట్ మాత్రం ఆర్పేస్తారు. జబ్బు అలాగే ఉంటుంది, చెప్పే నోరు మూతపడుతుంది అంతే.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పులు చేయించిన ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాలుష్య ప్రమాణాలు దాటి బండి నడిపితే సెక్షన్ 190(2) కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. మూడు నెలలు లైసెన్స్‌పైనా వేటు పడుతుంది.

పీయూసీ పాస్ అయితే చాలదా?

చాలదు. డీజిల్ బండికి పీయూసీలో చూసేది పొగ సాంద్రత మాత్రమే, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. ఈజీఆర్ మూసేసిన బండి కూడా ఆ పరీక్ష దాటేయొచ్చు. కానీ ఆ గాలి పీల్చేది ట్రాఫిక్‌లో వెనక బైక్‌పై ఉన్నవారు, స్కూల్ ఆటోలో పిల్లలు. సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన పార్ట్ మంచిదని అనుకోవద్దు.

అమెరికాలో ఉంటున్నారా..?

అక్కడి తెలుగువారు ముందుగా వారంటీ చూసుకోవాలి. కన్వర్టర్, ఇంజిన్ కంప్యూటర్‌లకు ఫెడరల్ చట్టం కింద 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు కార్ల కంపెనీయే బాధ్యత వహించాలి. కాలిఫోర్నియాలో బయటి బ్రాండ్ కన్వర్టర్ పెట్టాలంటే దానిపై కార్బ్ జారీ చేసిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి. అది మీ కారుకు వర్తించాలి కూడా.

బిగించాక మర్చిపోవద్దు

కన్వర్టర్‌పై పొగ వెళ్లే దిశకు బాణం గుర్తు ఉంటుంది, బిగింపు దాని ప్రకారమే జరగాలి. గ్యాస్కెట్లు కొత్తవి వేయించాలి. డీపీఎఫ్ మార్చితే స్కానర్‌తో పాత లెక్కను రీసెట్ చేయించాలి, లేదంటే బండి కొత్త ఫిల్టర్‌ను కూడా నిండిపోయినట్టే చూస్తుంది. డీపీఎఫ్ ఉన్న బండికి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఇంజిన్ ఆయిలే వాడాలి.

నకిలీ పార్ట్ అంటగట్టారని తేలితే బిల్లు, పాత పార్ట్, స్కాన్ రిపోర్ట్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అందుకే మార్చిన పాత పార్ట్‌ను షాపులో వదిలి రావొద్దు. లోపల విలువైన లోహాలు ఉన్నాయి కాబట్టి పాత కన్వర్టర్‌కూ మంచి ధర వస్తుంది.