సెలవు పోస్టుదా, మనిషిదా?

మన మునిసిపాలిటీల్లో, పంచాయతీల్లో జీతంతో కూడిన సెలవు ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది ఈనాటి బడ్జెట్ లెక్కల్లో తేలిన విషయం కాదు. దాని వేళ్లు వలసపాలన నాటి చట్టాల్లో ఉన్నాయి. 1890లో బొంబాయిలో మునిసిపల్ సర్వెంట్స్ యాక్ట్ వచ్చింది. వీధులు ఊడ్చేవాళ్లు, మలం ఎత్తిపోసేవాళ్లు వంటి అత్యవసర పనివాళ్లు ముందుగా నోటీసివ్వకుండా పని మానేసినా, అనుమతి లేకుండా గైర్హాజరైనా దాని ప్రకారం నేరమే. జైలుకు పంపవచ్చు. సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో, 1916 నాటి మునిసిపాలిటీల చట్టం కూడా స్వీపర్ల విషయంలో అదే దారి పట్టింది. అదే కాలంలో ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి ఫర్లో అనే దీర్ఘ సెలవు తీసుకుని, జీతంలో కొంత భాగం అందుకుంటూ నెలల తరబడి ఇంగ్లండులో ఆరోగ్యం బాగుచేసుకుని రావచ్చు. ఈ దేశపు ఎండలకు, జ్వరాలకు తెల్లవాళ్ల ఒళ్లు తట్టుకోదన్న భయం ఆ సెలవుల వెనుక ఉంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. కలరా, మలేరియా ఎందరో అధికారులను పొట్టన పెట్టుకున్నాయి. కానీ ఆ కలరా రోజుల్లో మురుగులో దిగి పనిచేసిన మనిషి ఒంటికి ఏమవుతుందన్న ప్రశ్న ఆ చట్టాల్లో లేదు. వాటికి కావలసింది అతని హాజరు.

1922 జనవరి 1 నుంచి అమలైన ఫండమెంటల్ రూల్స్ ఇలాంటి తేడాను సర్వీసు నిబంధనల్లోనూ రాసిపెట్టాయి. అధికారుల్లోనే రెండు తరగతులు ఏర్పడ్డాయి. నివాసమూలం ఆసియాకు వెలుపల ఉన్నవాళ్లకు ప్రత్యేక సెలవు నిబంధనలు, మిగతావాళ్లకు సాధారణ నిబంధనలు. అంతటితో ఆగకుండా, ఉన్నత సర్వీసులను పరిశీలించిన లీ కమిషన్ 1924లో, ఐరోపా నుంచి వచ్చిన ఉన్నతాధికారులకు సర్వీసు కాలంలో నాలుగుసార్లు స్వదేశం వెళ్లివచ్చే ఓడ ఛార్జీలు ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆ రూల్స్‌లో 67వ నిబంధన నేటికీ ప్రతి ఆఫీసులో వినిపిస్తుంది: సెలవును హక్కుగా అడగడానికి వీల్లేదు. ఇచ్చేదీ, నిరాకరించేదీ, ఇచ్చాక రద్దు చేసేదీ పై అధికారే. మద్రాసు రాష్ట్రంలో 1933 సెప్టెంబరు 4 తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్లకు వేరే సెలవు నిబంధనలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ లీవ్ రూల్స్, 1933 అని ఇప్పుడు మనం అంటున్నవి అవే. తొంభై ఏళ్లు దాటినా రెండు తెలుగు రాష్ట్రాల్లో రెగ్యులర్ ఉద్యోగి సెలవు లెక్కకు ఆ నిబంధనలే పునాది.

ఆ పునాది మీద ఉద్యోగ సంఘాలు దశాబ్దాలపాటు పోరాడి, అడిగి, ఒక్కో జీవోగా కట్టుకున్నది చిన్న ఇల్లు కాదు. ఏడాదికి 15 రోజుల క్యాజువల్ లీవ్ (సీఎల్). ఏడాదికి 30 రోజుల ఎర్న్‌డ్ లీవ్ (ఈఎల్), అదీ జనవరిలో 15, జూలైలో 15 ముందుగానే ఖాతాలో జమ. వాడుకోకుండా మిగిలితే రిటైరయ్యేనాటికి 300 రోజుల దాకా సొమ్ము చేసుకోవచ్చు. సర్వీసులో నిండిన ప్రతి ఏడాదికీ 20 రోజుల హాఫ్ పే లీవ్ ఉంటుంది. జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి దాన్ని కమ్యూటెడ్ లీవుగా మార్చుకుని పూర్తి జీతం తీసుకోవచ్చు, మొత్తం సర్వీసులో 240 రోజుల వరకు. క్షయ, కుష్ఠు, క్యాన్సర్, మానసిక వ్యాధి, గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం వంటి దీర్ఘరోగాలకు అర జీతపు సెలవు కాలంలోనూ పూర్తి జీతం ఇచ్చే వెసులుబాటు ఉంది. 2010 నుంచి ప్రసూతి సెలవు 180 రోజులు. వీటిలో ఒక్కటి కూడా ఎక్కువ అనడానికి నాకు మనసు రాదు. మనిషికి జబ్బు చేస్తుందని, కోలుకోవడానికి రోజులు పడతాయని, ఆ రోజుల్లోనూ ఇంట్లో పొయ్యి వెలగాలని రాజ్యం ఒప్పుకున్న చోటు ఇది. వీటిని తగ్గించాలనే వాదన ఎప్పుడు వచ్చినా ఎదిరించాల్సిందే.

అయితే ఈ సెలవులన్నీ పోస్టుకు అంటిపెట్టుకుని ఉన్నాయి, పనికి కాదు. మంజూరైన పోస్టులో, నియామక ఉత్తర్వుతో ఉన్నవాళ్లకు ఖాతా తెరుస్తారు. మస్టర్ మీద రోజుకూలీకి చేరినవాళ్లకు, కాంట్రాక్టరు మనుషులకు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు ఆ ఖాతా ఉండదు. మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాకు నడుము నొప్పి వస్తే కమ్యూటెడ్ లీవ్, అదే ఆఫీసు పంపగా చెత్తబండి తోసే మనిషికి నడుము పడితే నాగా. ఏ పని ఎక్కువ జబ్బులు తెస్తుందో ఆ పనిలోనే జబ్బు సెలవు లేదు. దుమ్ము, మురుగు, కుళ్లిన చెత్త, ఆసుపత్రి వ్యర్థాల్లోని సూదులు ఆరోగ్యంగా ఉన్నవాణ్ని కూడా ఎక్కువకాలం ఆరోగ్యంగా ఉంచవు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ ఆప్కాస్ మధ్యవర్తి ఏజెన్సీని పక్కకు తప్పించి జీతం నేరుగా ఖాతాలో పడేలా చేసింది. అది మంచి అడుగే. కానీ జీతం వచ్చే దారి మారినంత మాత్రాన లీవ్ రూల్స్ కింద రెగ్యులర్ ఉద్యోగికున్న సెలవు ఖాతా ఔట్‌సోర్సింగ్ కార్మికుడి పేరున తెరుచుకోలేదు.

వీళ్లకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది కదా అంటారు. ఉంది, అది విలువైనది కూడా. 1948 చట్టంతో వచ్చిన ఈ బీమా కింద జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. క్షయ, క్యాన్సర్ వంటి 34 దీర్ఘవ్యాధులకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే ఏర్పాటు ఉంది. ఈ పొడిగింపు కొన్ని విషయాల్లో రెగ్యులర్ ఉద్యోగి సెలవు కన్నా ఉదారమైనది. కానీ ఆ తలుపు తెరుచుకోవాలంటే యజమాని చందా క్రమం తప్పకుండా కట్టి ఉండాలి. మామూలు జబ్బు భత్యానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడాలి, పొడిగింపుకైతే రెండేళ్లుగా బీమా పరిధిలో ఉద్యోగం చేస్తూ ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా తెగిపోయే కొలువులో, పాత కాంట్రాక్టరు కట్టని నెలలకు శిక్ష పడేది జబ్బుపడ్డవాడికి. పైగా ఈఎస్‌ఐ డబ్బిస్తుంది, తిరిగి వచ్చేసరికి అదే వీధి, అదే మస్టర్ ఉంటుందన్న ధీమా మాత్రం కాంట్రాక్టు కార్మికుడికి మిగలదు. సెలవు అనేదాంట్లో సగం విలువ ఆ ధీమాదే.

చట్టం ఈ సంగతి ఎరగదని కాదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో కేంద్రం చేసిన నిబంధనలు, అసలు యజమాని దగ్గర నేరుగా పనిచేసేవారు చేసే పనినే కాంట్రాక్టు కార్మికులు చేస్తుంటే వేతనం, సెలవు దినాలు, పనిగంటలు ఇద్దరికీ ఒకేలా ఉండాలని చెప్పాయి. అంతకుముందు 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్, తల్లికి విశ్రాంతినివ్వడం జాతికి మేలు చేసే పని కాబట్టి ఆ భారంలో ప్రభుత్వానికీ వాటా ఉండాలని వాదించారు. 1935లో ఆయనే బొంబాయిలో మునిసిపల్ కామ్‌గార్ సంఘ్‌ను స్థాపించారు. గైర్హాజరును నేరంగా చూసిన నగరంలోనే ఆ సంఘం పుట్టింది.

ఈ కథలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం మాత్రం ఢిల్లీ నుంచి వచ్చింది. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద రోజుకూలీకి పనిచేసే స్త్రీలు ప్రసూతి సెలవు అడిగారు. రోడ్ల పనుల్లో, కట్టడాల్లో రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్లు వాళ్లు. రెగ్యులర్ ఉద్యోగినులకు ఇచ్చేది వీళ్లకు ఇవ్వబోమని కార్పొరేషన్ పట్టుబట్టింది. పారిశ్రామిక ట్రిబ్యునల్ 1996లో స్త్రీల పక్షాన తీర్పిచ్చినా ఊరుకోకుండా హైకోర్టుకు, అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు తేల్చింది: 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో రెగ్యులర్ స్త్రీలకే పరిమితమని ఎక్కడా లేదు, గర్భవతికి కష్టమైన పని చేయించకుండా విశ్రాంతి ఇవ్వడం మస్టర్ రోల్ స్త్రీకీ వర్తిస్తుంది. ప్రసవం ఉద్యోగ హోదాను చూసి రాదు కదా. మరి క్షయ చూసి వస్తుందా? ప్రసూతి విషయంలో కోర్టు ఒప్పుకున్న తర్కాన్ని జబ్బు సెలవు గడప దగ్గర ఆపడానికి నాకు కారణం కనిపించడం లేదు. 2013లో జార్ఖండ్ ప్రభుత్వానికి సంబంధించిన ఒక కేసులో, చట్టం అనుమతి లేకుండా కేవలం పాలనాపరమైన ఆదేశంతో పెన్షన్‌ను, గ్రాట్యుటీని, సెలవు సొమ్మును ఆపడం కుదరదని అదే కోర్టు చెప్పింది. హక్కు కాదని 1922లో రాసిపెట్టిన సెలవు, కూడబెట్టుకున్నాక ఆస్తితో సమానంగా రక్షణ పొందింది. ఆ రక్షణ కూడా ఖాతా ఉన్నవాడికే అందింది.

ఖర్చు అన్నది పెద్ద అభ్యంతరమే. చాలా మునిసిపాలిటీలకు సొంత ఆదాయం చాలదు, నిజమే. కానీ ఆ ఖర్చు ఇప్పుడు లేకుండా పోలేదు. కార్మికుడి ఇంట్లో అప్పుగా, అతని బదులు పనికి పోయే భార్య రెక్కల మీద, దగ్గుతూనే వీధిలోకి వచ్చే మనిషి ఊపిరితిత్తుల్లో ఆ ఖర్చు పడుతూనే ఉంది. దాన్ని భరించే స్తోమత అందరికన్నా తక్కువ ఉన్నవాడి మీద వేశాం, అంతే. సెలవులిస్తే దొంగ సర్టిఫికెట్లు పుడతాయంటారు. రెగ్యులర్ ఉద్యోగుల్లోనూ అవి ఉన్నాయి. వాటికోసం మెడికల్ బోర్డును పెట్టారు గానీ సెలవును ఎత్తేయలేదు. రోజుకూలీ దగ్గర మాత్రం అనుమానమే తీర్పుగా ఎందుకు మారాలి?

ఇక చెత్త ఒక్కరోజు కూడా ఆగదు కాబట్టి సెలవులు కుదరవన్న వాదన. 1890 చట్టం నిలబడింది ఈ వాదన మీదే. పోలీసు స్టేషను, ఆసుపత్రి, జిల్లా పాలన కూడా ఆగవు. కానీ ఐఏఎస్ క్యాడర్‌లో ఎంతమంది ఉండాలో లెక్క కట్టేటప్పుడు లీవ్ రిజర్వ్ పేరుతో అదనపు సంఖ్యను ముందే కలుపుతారు. అధికారి సెలవు పెడతాడని, ఆ రోజు కూడా జిల్లా నడవాలని లెక్క వేసినవాళ్లకు తెలుసు. ఊళ్లో పారిశుద్ధ్య కార్మికుల సంఖ్యను జనాభాను బట్టీ, వీధులను బట్టీ ఖరారు చేసేటప్పుడు కూడా ప్రతి డివిజన్‌కు ఒక లీవ్ రిజర్వ్‌ను చేర్చి, ఆ మనుషుల జీతాన్ని కాంట్రాక్టు అంచనాలో కాకుండా మునిసిపాలిటీ ఎస్టాబ్లిష్‌మెంట్ పద్దులో రాయాలి. అప్పుడు జ్వరం వచ్చిన కార్మికుడు సెలవు అడిగితే, రేపు ఈ వీధి ఎవరు ఊడుస్తారన్న ప్రశ్నకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఒక పేరు ఉంటుంది.