విద్యుత్ పొదుపు ఇల్లు: ఉక్కపోత ప్రాంతాల్లో నిబంధనలు, నిర్మాణ జాగ్రత్తలు

కోల్‌కతాకు నైరుతి దిశలో, హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న పురపాలక పట్టణం బడ్జ్ బడ్జ్. జనపనార మిల్లులకు, చమురు నిల్వ కేంద్రాలకు, 750 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఈ పట్టణం పేరుపొందింది. వాతావరణ మండలాల వర్గీకరణలో కోల్‌కతా పరిసరాలు, విశాఖపట్నం ఒకే కోవకు చెందుతాయి. రెండూ వేడి, తేమ కలిసిన ఉష్ణ-ఆర్ద్ర మండలంలో ఉన్నాయి. అందువల్ల బడ్జ్ బడ్జ్‌లో ఇల్లు కట్టేవారికి పనికొచ్చే సూత్రాలే మన కోస్తావాసులకూ వర్తిస్తాయి.

పశ్చిమ బెంగాల్ పురపాలక పట్టణాల్లో ప్లాన్ మంజూరుకు 2007 నాటి రాష్ట్ర పురపాలక భవన నిబంధనలు ఆధారం. విద్యుత్ పొదుపు విషయంలో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ తొలి భాగాన్ని విడుదల చేసింది. ఇంటి గోడలు, కిటికీలు, పైకప్పు ద్వారా లోపలికి చేరే వేడికి అది పరిమితులు విధించింది. రాష్ట్రాలు స్థానిక పరిస్థితులకు తగినట్లు సవరించుకొని ఈ సంహితను అమలు చేయవచ్చు.

అయితే ఆ సంహిత 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నివాస భవనాలను ఉద్దేశించినది. మన కొలతలో అది దాదాపు 600 గజాలు, బెంగాల్ కొలతలో సుమారు ఏడున్నర కాఠాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం సైతం 600 గజాల లోపు ఇళ్లను ఐచ్ఛికంగానే వదిలింది. రెండు మూడు కాఠాల్లోనో, నూట యాభై గజాల్లోనో ఇల్లు కట్టుకునే సామాన్యుణ్ని ఈ నిబంధనలు నిర్బంధించవు. కానీ వేసవిలో కరెంటు బిల్లు భారం ఎక్కువగా పడేది అతని మీదే. కనుక సంహిత చెప్పిన కొలతలను చిన్న ఇంటి యజమాని తనంతట తానే పాటించడం లాభదాయకం.

వాటిలో మొదటిది గాలి. ఉష్ణ-ఆర్ద్ర మండలంలో తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, బాల్కనీ తలుపుల వైశాల్యం ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. 60 చదరపు మీటర్ల ఇంటికి ఇది 10 చదరపు మీటర్లు. ఇక్కడ గమనించవలసింది కిటికీ పరిమాణం కాదు, తెరుచుకునే భాగం. రెండు పలకల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ సుమారు 90 శాతం తెరుచుకుంటుంది. చూపుకు నాజూకుగా ఉందని స్లైడింగ్ కిటికీ పెట్టించుకున్నవారు రావలసిన గాలిలో సగం వదులుకుంటున్నారన్నమాట. ఒక కిటికీకి ఎదురుగానో పక్క గోడకో మరొకటి లేకపోతే గాలి గదిలోకి వచ్చినా సాగదు.

దిశల విషయంలో బెంగాలీల అలవాటు ఆలోచింపదగినది. వేసవి సాయంత్రాల్లో దక్షిణపు గాలి వీస్తుంది కాబట్టి దక్షిణం తెరిచి ఉన్న ఇంటికి కోల్‌కతాలో గిరాకీ ఎక్కువ. దక్షిణ ద్వారానికి వెనుకాడే మనవారు కనీసం ఆ వైపు కిటికీలైనా మూయకుండా ఉండటం మేలు. బడ్జ్ బడ్జ్ సుమారు 22.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. జూన్‌లో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణాన 44 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. కాబట్టి దక్షిణపు కిటికీకి మామూలు సన్‌షేడ్ చాలు. పడమటి ఎండ అడ్డంగా వస్తుంది. దానికి సన్‌షేడ్ సరిపోదు. నిలువు పలకలో, చెట్టో కావాలి. ఆ వైపు స్నానాల గది, మెట్లు, స్టోర్ రూం పెట్టడం ఇంకా మంచిది. ప్లాన్ ప్రకారం వదలవలసిన ఖాళీ స్థలంలోకి సన్‌షేడ్ ఎంతవరకు రావచ్చో ముందే పురపాలక కార్యాలయంలో అడగాలి.

పైకప్పు ద్వారా ప్రసరించే వేడికి సంహిత పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లు. ఒట్టి ఆరంగుళాల కాంక్రీటు శ్లాబుకు ఇది 3 దాటుతుంది. శ్లాబుపై సుమారు 30 మిల్లీమీటర్ల ఉష్ణనిరోధక పలక పరిచి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, పైన తెల్లని పలకలు పరిస్తే ఆ పరిమితికి లోబడుతుంది. పై అంతస్తు నివాసులకు ఇంతకు మించిన ఖర్చు-ఫలితం గల పని లేదు. ఇప్పటికే కట్టిన ఇంటికి తెల్లని కూల్ పెయింటైనా కొంత ఊరట.

గోడల విషయంలో ఒక అపోహ ఉంది. విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుక పర్యావరణానికి మేలు చేస్తుంది గానీ, వేడిని ఆపడంలో మట్టి ఇటుకకు దానికి పెద్ద తేడా లేదు. గాలి బుడగలుండే ఏఏసీ బ్లాకు మాత్రం అదే మందంలో వేడిని చాలావరకు నిలువరిస్తుంది.

ఆ తరువాతే ఉపకరణాలు. మామూలు ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల ప్రాంతంలో సరిపోతుంది. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర ఫలకాలకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడపడని డాబా కావాలి కనుక నీళ్ల ట్యాంకు, మెట్ల గది ఎక్కడ రావాలో ప్లాన్ గీసేటప్పుడే నిర్ణయించాలి.