మన్యపు మొర, ప్రభుత్వపు జవాబు



రాజ్యమనగా కోటలు, సైన్యములు, ఖజానాలు అని తలచువారు పలువురు కలరు. కాని సామాన్యప్రజకు రాజ్యము కనబడునది కరణము వ్రాసిన లెక్కలో, పోలీసు ఠాణా గడపలో, అడవి గార్డు కేకలో, ఋణపత్రముపై వేసిన వ్రేలిముద్రలో. అచ్చట న్యాయము జరిగినచో ప్రజలు రాజ్యము మంచిదందురు. జరుగకున్నచో రాజధానిలో నెన్ని చక్కని శాసనములు వ్రాసినను వారికి ఒరిగినదేమియు లేదు. కనుక అధికారము చేపట్టినవాడు ప్రజ మొర వినవలెను. తాను చేసిన పనికి జవాబు చెప్పవలెను. ఈ రెండు గుణములును ఒక దేశపు సంస్థలకు ఎట్లు అబ్బును? ఎవరి వలన అబ్బును? ఈ ప్రశ్నను విశాఖపట్టణపు మన్యము, అనగా అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, గూడెము కొండల చరిత్ర ఆధారముగా విచారింపదలచితిని.

లెక్క చెప్పుట యను ధర్మము మనకు పడమటి దేశములనుండి దిగుమతియైనదని కొందరందురు. వారు తమిళసీమలోని ఉత్తరమేరూరు శాసనములను చూడవలెను. అవి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కబడినవి. చెరువు, తోట మున్నగువానిని చూచు సంఘములకు సభ్యులను ఏటేట ఎట్లు ఎన్నుకొనవలెనో అందు వివరింపబడినది. అర్హుల పేర్లను ఓలలపై వ్రాసి కుండలో వైచి బాలునిచేత తీయించెడివారు. ఒకమారు సంఘమునందుండి లెక్కలు అప్పగింపని వానికిని, వాని దగ్గరి చుట్టములకును ఆ కుండలో పేరు వేయుట నిషిద్ధము. ఆ సభ బ్రాహ్మణ అగ్రహారపు సభయే కాని ఊరనున్న సర్వజనులది కాదు. ఐనను లెక్క చెప్పనివానికి మరల పదవి లేదను నియమము వేయియేండ్లనాడే మన పొరుగున రాతికెక్కినది.

ఇక మన్యమునకు వత్తము. 1830 దశకమున గంజాము, విశాఖపట్టణము జిల్లాల జమీందారీలలో అల్లర్లు చెలరేగగా కంపెనీ ప్రభుత్వము జార్జి రస్సెలు అను అధికారిని పంపెను. ఆయన నివేదిక ననుసరించి 1839వ సంవత్సరపు 24వ చట్టము పుట్టినది. దానిచేత కొండసీమలు మామూలు కోర్టుల యధికారమునుండి తప్పింపబడినవి. కలెక్టరు ఆ సీమలకు గవర్నరుగారి ఏజెంటయ్యెను. ఏజెన్సీ యను పేరు అట్లు వచ్చినదే. పన్ను రాబట్టువాడును ఆయనయే, పోలీసులకు పైవాడును ఆయనయే, దావాలు తీర్చువాడును, నేరములు విచారించువాడును ఆయనయే.

ఇందలి యుద్దేశమును నేను తప్పుపట్టను. కొండవారికి ప్లీడర్లు, స్టాంపులు, వాయిదాలు పట్టుపడవనియు, ఒక్క పెద్దమనిషి నోటి విచారణతో న్యాయము చేయుట మేలనియు వారి భావము. కాని ఆ పెద్దమనిషి సముద్రపుటొడ్డున విశాఖపట్టణమున నుండెను. నడుమ ఘాటీలు, వానలు, మన్యపు జ్వరము అడ్డుపడుచుండెను. అధికారులు చలికాలమున గుడారములతో వచ్చి పోవువారు. ఏడాది పొడుగునను కొండలలో మిగిలినవారు ముఠాదారు, జవాను, షాహుకారు. కొండవానికి మొర యున్నచో అది తరచుగా వీరిలో ఒకరి మీదనే. ఆ మొరను క్రిందికి మోసికొనిపోవలసిన దారియు వీరి చేతులలోనిదే. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని మనవారందురు కదా!

గోదావరి జిల్లాలోని రంపదేశమున స్థితి వేరు. అచ్చట మన్సబుదారు ఏలుబడి సాగుచుండెను. మైదానపు కోర్టుల చట్టములును వర్తించుచుండెను. ప్రభుత్వము కల్లు అబ్కారీని గుత్తకిచ్చెను. ఇంటి త్రాగుడుకై గీచుకొను జీలుగుచెట్టు మీదను మన్సబుదారు చిగురుపన్ను వేసెను. క్రిందినుండి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి, దూరపు కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది రాలేదని ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను, ధాన్యమును జప్తు చేయించుచుండిరి. ఆ కోర్టు ఎచ్చటనున్నదో కూడ ఆ ప్రతివాది యెరుగడు. 1879 మార్చిలో చోడవరము ప్రాంతమున పితూరీ లేచెను. అది గొలుగొండ కొండలకును, భద్రాచలము వైపు రేకపల్లికిని ప్రాకి 1880లోను సాగెను. సైన్యములు దిగినవి, ఠాణాలు తగులబడినవి, ఉరికంబములు లేచినవి. ఆపైన రెవిన్యూ బోర్డు సభ్యుడు సల్లివను విచారణ జరిపి జనుల బాధ నిజమని తేల్చెను. మన్సబుదారు తొలగింపబడెను. సర్కారు ముఠాదారులకు నేరుగా సనదు లిచ్చెను.

పితూరీకి ముందు వినవలసిన మొరను పితూరీ యైన తరువాత వినిరి. ఒక గుమాస్తా నెల దినములు ఊరూర తిరిగి వ్రాసికొనిన తెలియగల సంగతికి ఏడాదికి పైగా యుద్ధము కావలసివచ్చినది. వినని ప్రభుత్వమునకు ఖర్చు తగ్గదు. దండు ఖర్చై, ప్రాణనష్టమై అది పదింతలు పెరుగును.

1882లో మద్రాసు అటవీచట్టము వచ్చినది. తాతలనాటి పోడు నేరమయ్యెను. వంటచెరకునకును అడ్డు వచ్చెను. 1917లో మరియొక చట్టము వచ్చినది. ఇది కొండవారి మేలుకోరి చేసినదే. నూటికి ఏటికి 24కు మించి వడ్డీ కూడదు. వడ్డీ మొత్తము అసలును దాటరాదు. ఏజెంటు వ్రాతమూలకమైన అనుమతి లేనిదే కొండవాని భూమి కొండవాడు కాని వానికి పోరాదు. చదువుటకెంత చక్కగనున్నది! కాని కొండవానికి పట్టా లేదు, సర్వే లేదు, చదువు లేదు. భూమి పోయినదని ఋజువు చేయవలసినవాడు వాడే. పత్రము షాహుకారు పెట్టెలో నున్నది. అనుమతి నిచ్చు కచేరీ కొండ క్రింద నున్నది. చట్టము వానికొక హక్కునిచ్చెను కాని దానిని అడుగుటకు తావు చూపలేదు.

ఐదేండ్లకు ఫలితము కనబడెను. నర్సీపట్టణమునుండి చింతపల్లి వైపు ఘాటుదారి వేయుచుండగా గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను కొండవారిని బలవంతపు పనికి దింపి, కూలి సరిగా ముట్టనీయలేదు. పోడు నిషేధపు ఆకలికి ఈ వెట్టి తోడయ్యెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా కొట్టబడినవి. మలబారు పోలీసును, అస్సాము రైఫిల్సు దళమును రప్పించిరి. 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజు కాల్చి చంపబడెను. ఆయన శౌర్యమును మనము పాడుకొనుచున్నాము; అది యుక్తమే. కాని కూలి డబ్బుల పద్దు నడుగుటకు తుపాకి యెత్తవలసిన స్థితి యెట్లు వచ్చెనని కూడ ఆలోచింపవలెను. ఆ పద్దు చూపుమని ఊరిలో నిలిచి అడుగుటకు ఒక సభ యున్నచో కథ మరియొక దారిని నడిచియుండునేమో యని నాకు తోచును.

స్వరాజ్యము వచ్చినది. 1950లో అమలైన రాజ్యాంగము తన ఐదవ షెడ్యూలులో ఈ కొండసీమలకు ప్రత్యేక రక్షణ నేర్పరచి, గవర్నరునకు నిబంధనలు చేయు అధికారమును, గిరిజనుల సలహామండలిని కల్పించెను. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చినది. 1969లో ముఠాదారీ పద్ధతి రద్దయినది. కాని నిజమైన మలుపు 1970 నాటి సవరణమే. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి, వేరుగా ఋజువు కానంతవరకు, గిరిజనునినుండి వచ్చినదే యని భావింపవలెనని అది శాసించెను. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునికి అమ్ముటయు నిషిద్ధమయ్యెను. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణమును సమర్థించెను.

దీని మహిమను గమనింపుడు. 1917లో ‘నా భూమి పోయినది’ అని పేదవాడు ఋజువు చేయవలెను. 1970 తరువాత ‘ఇది నాకెట్లు వచ్చెను’ అని బలవంతుడు ఋజువు చేయవలెను. జవాబు చెప్పవలసినవాడు మారినాడు. బినామీ పేర్లతో దీనిని తప్పించుకొనువారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. ఐనను భారము ఎవరి భుజముపై నుండవలెనో శాసనము తేల్చినది.

తరువాతి ప్రశ్న: ప్రభుత్వమే తప్పు చేసిన నెవరు అడుగుదురు? అరకునకు పోవు రైలుదారిలో బొర్రా గుహలు మీలో పలువురు చూచియుందురు. ఆ గుహల చుట్టుపట్ల, అనంతగిరి మండలపు ఊళ్లలో, కాల్సైటు అను ఖనిజమును త్రవ్వుకొనుటకు ప్రభుత్వము గిరిజనేతరులకు కౌలు లిచ్చెను. సమత అను సంఘము హైకోర్టునకు పోయి 1995లో ఓడెను. అచ్చటితో ఆగక సుప్రీంకోర్టునకు పోయెను. 1997 జూలై 11న తీర్పు వచ్చినది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇరువురు ఏకీభవించి, నిబంధనలోని ‘వ్యక్తి’ యను మాటలో ప్రభుత్వమును చేరుననియు, కనుక ప్రభుత్వము సైతము ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు కౌలుకీయరాదనియు నిర్ణయించిరి. 1839లో ఈ కొండలపై ఏజెంటును అడుగువాడు లేడు. నూటయేబదియెనిమిదేండ్లకు, బొర్రా ఊళ్ల మొర మీద, సర్కారే కట్టుబడియుండవలెనని దేశపు పెద్దకోర్టు చెప్పినది. ఈ మారు తుపాకి పేలలేదు.

ఐతే ప్రతి యూరును సుప్రీంకోర్టునకు పోజాలదు. జవాబు ఊరిలోనే దొరకవలెను. ఈ కారణమున 1996 డిసెంబరులో పార్లమెంటు, పెసా యని పిలువబడు చట్టమును చేసెను. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెను. పథకములకు లబ్ధిదారుల నెన్నుకొనునది గ్రామసభ. పంచాయతీ ఖర్చుపెట్టిన సొమ్ము సరిగా ఖర్చైనదని ధ్రువపత్రము నీయవలసినదియు గ్రామసభయే. ఉత్తరమేరూరు నియమము మరల పుట్టినట్లున్నది. ఈ మారు ఓటున్న యాడవారికిని మగవారికిని అందరికిని చెందినది. కాని ఆంధ్రప్రదేశమున దీని నియమావళి వెలువడినది 2011లో. చట్టమునకును నియమావళికిని నడుమ పదునాలుగేండ్లకు పైగా గడచినవి. ఆలస్యము కూడ ఒక విధమైన నిరాకరణమే.

2006 నాటి అటవీహక్కుల చట్టము నందు మీకు ప్రత్యేకముగా సంబంధించిన యంశమొకటి కలదు. 2005 డిసెంబరు 13 నాటికే అడవిభూమిని సాగుచేయుచున్న గిరిజనునికి హక్కు కలదని ఆ చట్టము చెప్పుచున్నది. కాగితము లేనివాడు దానిని ఋజువు చేయుటెట్లు? హక్కు కోరువారు కాక, ఊరిలోని ఇతర పెద్దలు చెప్పిన మాటను వ్రాతలో పెట్టినచో అదియు సాక్ష్యముగా చెల్లునని నియమములు చెప్పుచున్నవి. ఒకనాడు కోర్టు త్రోవ తెలియక డిక్రీ పాలైన కొండవాని తాత మాట నేడు సర్కారు దస్త్రములో నెక్కును. సభకు ఊరివారిలో సగమునకు తక్కువ కాకుండ రావలెను. వచ్చినవారిలో మూడవ వంతు స్త్రీలుండవలెను.

సర్కారు కాగితమును ప్రజ చూచు హక్కు స్వీడను దేశమున 1766లోనే శాసనమైనది. మనకది 2005లో సమాచార హక్కు చట్టముగా వచ్చినది. అర్జీ అందిన ముప్పది దినములలో జవాబీయవలెను. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. ఏజెంటు కచేరీ నూరు కిలోమీటర్ల దూరమునుండి కొండపైకి వచ్చినది. కాని కచేరీ దగ్గరైన మాత్రమున చెవి దగ్గర కాదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

కావున పెద్దలారా, నా మనవి సూక్ష్మమైనది. సంస్థలను బాగుచేయుట ఢిల్లీలోనో అమరావతిలోనో జరుగు పని యని ఊరకుండకుడు. గ్రామసభ జరిగినపుడు తీర్మానపు పుస్తకము నెదుట పెట్టించి, వ్రాసినదానిని అందరు వినునట్లు చదివించి, తరువాతనే సంతకము చేయుడు. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయనీయకుడు. ఖర్చుల ధ్రువపత్రమునకు ముందు బావి త్రవ్విరా, బాట వేసిరా, కూలి ముట్టెనా యని అడుగుడు. పోడుభూముల విషయమున మీ జ్ఞాపకమును వ్రాయించుడు. మీతోపాటు అది మాసిపోనీయకుడు. ఆడవారిని వెనుక వరుసనుండి ముందునకు పిలువుడు. అధికారి మంచివాడైనను అడుగుడు. వాని తరువాత వచ్చువాడు ఎట్టివాడో మన మెరుగము.

1879లోను, 1922లోను ఈ కొండలు అడిగినవి. అప్పుడు అడుగుటకు తావు లేదు. నేడు తావున్నది, పుస్తకమున్నది, సంతకపు గీత యున్నది. ఆ గీతకు పైన నేమి వ్రాసియున్నదో చదువు భారము మీది.