ఏ గ్రంథంలో చూసినట్లు? – సుయూతీ ప్రశ్న, కర్నూలు చరిత్రాధారాలు

క్రీ.శ. 15వ శతాబ్ది చివరి కాలంలో కైరో ఉలమాల మధ్య ఒక విచిత్రమైన ఫిర్యాదు నడిచింది. ఫిర్యాదు చేసినవారు జలాలుద్దీన్ సుయూతీ (మరణం హి. 911/1505). ఎవరిమీద అంటే, సహీహ్ బుఖారీకి వ్యాఖ్య వ్రాసిన ఖస్తల్లానీ (మ. హి. 923/1517) మీద. విచారించినవారు షైఖుల్ ఇస్లాం జకరియ్యా అన్సారీ. ఖస్తల్లానీ తన గ్రంథాలనుండి విషయం తీసుకొని తన పేరు చెప్పడం లేదని సుయూతీ అభియోగం. రుజువు చూపమన్నారు షైఖ్. ఇమాం బైహఖీ ఇలా చెప్పారని ఖస్తల్లానీ వ్రాసిన చోట్లను సుయూతీ ఎత్తి చూపి, బైహఖీకి అనేక గ్రంథాలున్నాయి గదా, ఈ మాట వాటిలో ఏ గ్రంథంలో చూసినట్లో చెప్పమన్నారు. ప్రతివాది చెప్పలేకపోయారు. ఆయన చూసింది బైహఖీని కాదు, బైహఖీని ఉదహరించిన సుయూతీని. అలాంటప్పుడు, బైహఖీనుండి సుయూతీ ఉదహరించారని వ్రాయడమే న్యాయమని సుయూతీ వాదం. తరువాత ఖస్తల్లానీ చెప్పులైనా లేకుండా సుయూతీ ఇంటికి నడిచి వెళ్లి తలుపు తట్టారనీ, సుయూతీ తలుపు తెరవకుండానే లోపలినుండి మనసు తేటపడిందని పలికారనీ చెబుతారు. ఈ ఉదంతాన్ని, వినికిడిగానే, అహ్మదాబాదులో జీవించిన అబ్దుల్ ఖాదిర్ ఐదరూసీ (మ. 1628) 'అన్నూరుస్ సాఫిర్'లో వ్రాసిపెట్టారు.

సుయూతీ కూడా ఇటువంటి నిందనుండి తప్పించుకోలేదు. మహమూదియ్యా గ్రంథాలయంలోని పాత పుస్తకాలను కొద్దిగా మార్చి తనవిగా చెప్పుకొన్నారని ఆయన సమకాలికుడు సఖావీ (మ. హి. 902/1497) గట్టిగానే వ్రాశారు. ఇద్దరి మధ్య వైరం జగమెరిగినది కనుక సఖావీ మాటను యథాతథంగా తీసుకోనవసరం లేదు. అయినా సుయూతీ వేసిన ప్రశ్నకు దీనివల్ల విలువ తగ్గదు. హదీసు శాస్త్రంలో ఇస్నాద్ అంటే ఇదే. రావీ తాను ఎవరినుండి విన్నాడో వారి పేరే చెప్పాలి. మధ్యనున్న మనిషిని దాటవేసి పైవాడి పేరు చెబితే దానికి 'తద్‌లీస్' అని పేరు. చెప్పిన మాట నిజమే కావచ్చు, విన్నానన్నది మాత్రం నిజం కాదు.

ఈ కొలబద్దను ఇంటి దగ్గరి చరిత్రకు పెట్టి చూడవచ్చు. 2022లో నంద్యాల జిల్లాలో చేరిన నందికొట్కూరు అంతకుముందు కర్నూలు జిల్లాలోది. పాత నందికొట్కూరు తాలూకా చాలా విశాలమైనది. శ్రీశైలం కూడా అందులోనిదే. కర్నూలు నవాబుల కాలంలో, 1794లో, కాలిన్ మెకంజీ శ్రీశైలం వెళ్లి, స్థలపురాణాన్ని అక్కడివారి నోట విని వ్రాసుకొన్నాడు. ఆ వృత్తాంతం 1798లో 'ఏషియాటిక్ రిసెర్చెస్' అయిదవ సంపుటంలో అచ్చయింది. మెకంజీకి అప్పటికి ఈ దేశభాషలు రావు, ఆ తరువాత కూడా పెద్దగా రాలేదు. అతని పేర నిలిచిన కైఫీయత్తులు, శాసనాల నకళ్లు, వంశావళులు తెచ్చి పెట్టినవారు, చదివినవారు, అనువదించినవారు వేరు. వారిలో ముఖ్యులు ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు – వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

మెకంజీని ఇక్కడ దోషిగా నిలబెట్టడం సరికాదు. ఈ దేశపు విజ్ఞానానికి తనకు ద్వారం తెరిచింది బొర్రయ్యతో కలిగిన పరిచయమేనని 1817లో ఒక లేఖలో ఒప్పుకొన్నాడు. బొర్రయ్య 1803లోనే చిన్న వయసులో చనిపోయాడు. పేర్లు వెనుకబడింది ఆ తరువాతి మెట్లలో. మెకంజీ 1821లో మరణించాడు. 1828లో ఆ సేకరణకు హెచ్.హెచ్. విల్సన్ పట్టిక వెలువరించాడు. ఆయన సంస్కృత పండితుడే గాని దక్షిణాది భాషలు ఎరగడు. మెకంజీ మనుషులు ఇంగ్లీషులో చేసిపెట్టిన సంగ్రహాలే ఆయనకు కళ్లు. నేడు పరిశోధకులు ఉదహరించేది మాత్రం విల్సన్‌ను. మిగిలిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన అభిప్రాయం అనుకూలంగా రాలేదు. లక్ష్మయ్యే కాదు, ఈ దేశస్థుడెవరూ అంతటి పనికి సరిపోడని దాని తాత్పర్యం. ఆ కాగితాల పరిశీలన విలియం టేలర్ అనే మిషనరీ చేతికి వెళ్లింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ కాగితాల మధ్య బ్రతికినవాడికి దక్కిన గౌరవం అది.

కర్నూలు జిల్లా విషయంలో ఇంకొక పేరున్నది. 1886లో వెలువడిన జిల్లా మాన్యువల్‌ను వ్రాసినవాడు నరహరి గోపాలకృష్ణమ చెట్టి అనే తెలుగు డిప్యూటీ కలెక్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇటువంటి మాన్యువళ్లు చాలావరకు ఆంగ్ల అధికారుల రచనలు. తెలుగులో తొలి నవలగా చాలామంది ఎంచే 'శ్రీరంగరాజ చరిత్ర' (1872) కూడా ఆయనదే. ఆ తొలిపేరు చాలాకాలం వీరేశలింగం గారి ఖాతాలో ఉండిపోవడం వేరే కథ. తాలూకా చరిత్ర వ్రాసేవారు 'మాన్యువల్ ప్రకారం' అనో, 'చరిత్రకారులు చెప్పినట్లు' అనో వ్రాస్తే, ఆ చరిత్రకారుడికి ఒక పేరున్నదని పాఠకుడికి తెలియకుండా పోతుంది.

కైఫీయత్తుల దగ్గర సుయూతీ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. గ్రామ కరణం చెప్పినది ఒకటి, మెకంజీ మనిషి వ్రాసుకొన్నది ఒకటి, తరువాత సి.పి. బ్రౌన్ ఎత్తి వ్రాయించిన నకలు ఒకటి, ఈ కాలపు అచ్చుప్రతి ఒకటి. అచ్చుప్రతి చదివి, అడుగున మూలప్రతి సంఖ్య వేస్తే అది తద్‌లీసే. నకలులో లేఖకుడు ఒక పేరు తప్పు వ్రాసి ఉంటే, ఆ తప్పు మూలప్రతి నెత్తిన పడుతుంది. ఎక్కడ జరిగిందో వెదకడానికి దారి కూడా మిగలదు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2018లో చేసిన నిబంధనలు పోలికను శాతాలలో కొలుస్తాయి. సిద్ధాంత వ్యాసంలో 10 శాతం వరకు శిక్ష లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కంప్యూటరు మాటల పోలికను పట్టుకొంటుంది. కాని ఖస్తల్లానీ మీద వచ్చిన అభియోగాన్ని ఏ శాతం పట్టుకొంటుంది? బైహఖీ మాటను బైహఖీ పేరుతోనే గదా ఆయన వ్రాసింది! ఉర్దూ గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని తెలుగు చేసి, అందులోని అరబ్బీ, ఫారసీ ఆధారాలన్నీ స్వయంగా చూసినట్లు దింపుకొన్నా అంతే. అనువాదకుడు మాయమవుతాడు, అతనితోపాటు మూల రచయిత శ్రమ కూడా.

1807లో వెలువడిన 'ఏషియాటిక్ రిసెర్చెస్' తొమ్మిదవ సంపుటంలో జైనులను గురించి ఒక వ్యాసముంది. చెప్పినవాడు ముద్గేరిలోని ఒక జైన పూజారి అనీ, అనువదించినవాడు కావలి బొర్రయ్య అనీ, ఆ అనువాదం మేజర్ మెకంజీ కోసమనీ శీర్షికలోనే ఉన్నది. బొర్రయ్య చనిపోయి అప్పటికి నాలుగేళ్లు.