మా తరువాత ఎవరు?

గుంటూరు నుంచి తెనాలి పోయే దారిలో వడ్లమూడి వస్తుంది. సంగం డెయిరీ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే ఊరు. 1997లో విజ్ఞాన్ ఇంజినీరింగు కళాశాల వచ్చాక చదువుల ఊరు కూడా అయింది. దూరప్రాంతాల పిల్లలు అక్కడికి చదువుకోవడానికి వస్తారు. కాని ఏ ఊళ్ళోనైనా బడి గడప తొక్కలేని పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వారి గురించి మనం వ్రాసుకున్నదే తక్కువ. వారిని కన్నవారి గురించి మరీ తక్కువ.

ఆ వైపు పెళ్ళిళ్ళలో మా చిన్నప్పుడు ఒక పెద్దమ్మ కనిపించేది. బుద్ధి ఎదగని కొడుకుతో విడిదిగదిలోనే ఉండిపోయేది. భోజనం చేశావా అని అందరూ అడిగేవారు; వాడికి ఏం నేర్పుతున్నావని అడిగినవారు లేరు. నేర్పవచ్చునని మాకే తెలియదు.

తెలియకపోవడానికి చరిత్ర ఉంది. 1912 నాటి ఉన్మాద చట్టం బుద్ధిమాంద్యాన్నీ మతిభ్రమణాన్నీ ఒకే మాట కింద జమకట్టింది. చికిత్సకు లొంగగల జబ్బుకూ, జీవితాంతం వెంట ఉండే ఎదుగుదల లోపానికీ భేదం చూపలేదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆ రెంటినీ విడదీసింది. ఈ పిల్లవాడు మానసిక వైద్యశాలకు చెందినవాడు కాదన్నది గాని, మరి ఎక్కడివాడో చెప్పలేదు.

జవాబు వెతికినవారిలో ముందున్నది తల్లిదండ్రులే. 1946లో ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అనే తల్లి, తన కూతురికి తగిన చదువు దొరకక, ఒక పత్రికకు ఉత్తరం వ్రాసి తనవంటి వారిని పిలిచింది. అలా పుట్టిన సంఘమే నేటి మెన్‌క్యాప్. మన దగ్గర 1968లో హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలయింది. 1984లో సికింద్రాబాదు బోయినపల్లిలో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. 2016లో దాని పేరు మారింది.

ఆ సంస్థ చేసిన గొప్ప పని తల్లిని ఉపాధ్యాయురాలిగా గుర్తించడం. పళ్ళు తోముకోవడం, స్నానం, అన్నం తినడం, బట్టలు తొడుక్కోవడం వంటి పనులను మెట్లుగా విడగొట్టి నేర్పే చిన్న పుస్తకాలను అది వేసింది. అందులో ఒక పద్ధతి చివరి మెట్టు నుంచి నేర్పడం. చొక్కా బొత్తాలన్నీ అమ్మే పెట్టి, ఆఖరిది సగం దూర్చి వదులుతుంది. దాన్ని లాగడం పిల్లవాడి పని. పని పూర్తి చేసిన సంతోషం వాడిదే. అది వచ్చాక, దాని ముందరి మెట్టు. ఇందుకు డబ్బు అక్కరలేదు. ఓర్పు కావాలి, చెప్పేవారు కావాలి.

తల్లిదండ్రుల సంఘాలు 1995లో 'పరివార్' పేరిట జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. వారందరి ప్రశ్న ఒక్కటే: మా తరువాత ఎవరు? బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు సంరక్షకులు కారు. బిడ్డ ఎదగకపోయినా చట్టానికి వయసు వచ్చేస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దీనికి ఒక దారి చూపింది. కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి కలిసిన జిల్లా సంఘం సంరక్షకుణ్ణి నియమిస్తుంది.

బడి వైపు నుంచి కూడా కదలిక వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి, తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటివద్దనే చదువు కోరుకొనే హక్కు ఇచ్చారు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండలాలలో భవిత కేంద్రాలు వెలిశాయి.

ఇన్ని వచ్చినా, మధ్యాహ్నం వేళ ఆ తల్లి పక్కన కూర్చునేది చట్టం కాదు, ఇరుగుపొరుగే. సదరం శిబిరానికి తోడు వెళ్ళడం, గంటసేపు పిల్లవాణ్ణి చూసుకోవడం, పూర్వజన్మ కర్మ అనే మాట నోట రానీయకపోవడం మన చేతిలో ఉన్నవే.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. కొడుకు తమ్ముడి ఇంట ఉన్నాడు. చొక్కా తానే తొడుక్కుంటాడు. బొత్తాలు మాత్రం ఎవరో ఒకరు పెట్టాలి. ఆ చిన్న పుస్తకం ఆమె చేతికి అందేలా చూసినవారు మాలో ఒక్కరూ లేకపోయారు. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఒకసారి కనుక్కోండి. మీ వీధిలోనే దాని అవసరం గల అమ్మ ఉండవచ్చు.